ఉమ్మడి ఇంటి తాళాలు ఎవరి దగ్గర?
అమెరికాలో జరిగిన కమ్యూనిస్టు ప్రయోగాలు - ఒక పరిశీలన

కమ్యూనిజం పుస్తకాల్లో చెప్పినట్టు ఆచరణలో ఎందుకు జరగలేదు? మన తెలుగువాళ్ళు నలుగురు చేరిన చోట ఈ ప్రశ్న రాక మానదు. కృష్ణా, గుంటూరు, నల్లగొండ, ఖమ్మం, వరంగల్లు జిల్లాలనుంచి ఈ దేశం వచ్చినవారి ఇళ్ళలో ఒక తాతో, ఒక మేనమామో ఎర్రజెండా కింద తిరిగినవాడై ఉండడం సాధారణం. అందుచేత ఇది మనకు పుస్తకాల చర్చ కాదు, ఇంటి చర్చ.

చర్చ మొదలుకాగానే రెండు జవాబులు ఎదురెదురుగా నిలబడతాయి. మనిషి స్వభావమే స్వార్థం, తనది అనేది లేకపోతే ఎవడూ ఒళ్ళు వంచడు, కాబట్టి అది జరిగే పని కాదు అని ఒకరంటారు. సిద్ధాంతంలో లోపం లేదు, శత్రువులు చుట్టుముట్టి బతకనివ్వలేదు, వెనకబడిన దేశాల్లో మొదలయింది గనక దెబ్బతిన్నది అని రెండోవారంటారు. ఇద్దరూ సాక్ష్యాలు తెచ్చేది రష్యా, చైనాల నుంచే. అక్కడ యుద్ధాలు, కరువులు, నియంతలు అన్నీ కలగాపులగమై ఉన్నాయి. ఏది దేని ఫలితమో విడదీసి చూపడం కష్టం. చర్చ రెండో విడత కాఫీ దాకా సాగి అక్కడే ఆగిపోతుంది.

మేము ఈ వ్యాసంలో చూపును మరోచోటికి తిప్పదలిచాము. మనం ఉంటున్న ఈ దేశంలోనే పందొమ్మిదో శతాబ్దంలో సొంత ఆస్తి లేని ఊళ్ళు డజన్లకొద్దీ వెలిశాయి. వాటిమీదికి ఏ సైన్యమూ దండెత్తలేదు. భూమికి కొరత లేదు. చేరినవారు ఇష్టపడి చేరారు, ఇష్టం లేనివారు వెళ్ళిపోయారు. అంటే శత్రువు, పేదరికం, బలవంతం అనే మూడు కారణాలనూ పక్కన పెట్టి చూడడానికి వీలున్న ప్రయోగశాల ఇది. పై రెండు జవాబులనూ దీనిమీద గీటుపెట్టి చూద్దాం.

1. ఎంగెల్సు పిలిచిన సాక్షులు

ఈ ఊళ్ళను సాక్ష్యానికి పిలిచినవాడు సాక్షాత్తూ ఫ్రెడరిక్ ఎంగెల్సు. "కమ్యూనిస్టు ప్రణాళిక" 1848లో వచ్చింది. అంతకు మూడేళ్ళు ముందే, 1845లో, ఆయన అమెరికాలోని ఉమ్మడి ఆస్తి గ్రామాలను గురించి జర్మన్ భాషలో ఒక వ్యాసం ప్రచురించాడు. ఆయన అప్పటికి అమెరికా చూడలేదు. యాత్రికులు రాసిన వర్ణనల మీద ఆధారపడ్డాడు. షేకర్లు, ఇండియానా నుంచి పెన్సిల్వేనియాకు వెళ్ళిన జార్జి రాప్ అనుచరులు, ఒహైయోలోని జోఆర్ గ్రామస్థులు - వీళ్ళందరూ ఉమ్మడిగా బతుకుతూ చుట్టుపక్కలవాళ్ళకంటె సుఖంగా ఉన్నారని, కాబట్టి ఇది అసాధ్యమనేవారి మాట చెల్లదని ఆయన వాదం. వాళ్ళ మతవిశ్వాసాలు ఆయనకు నచ్చలేదు. వాటికీ ఆస్తి ఉమ్మడి కావడానికీ సంబంధం లేదని తోసిపుచ్చాడు.

ఆ తోసిపుచ్చడం సరి అయినదేనా అన్నది చూడవలసి ఉంది.

ఆ రోజుల్లో ఈ దేశంలో "కమ్యూనిస్టు" అన్నది తిట్టు కాదు. 1875లో ఛార్లెస్ నార్డాఫ్ అనే పత్రికా రచయిత ఈ గ్రామాలు తిరిగి చూసి రాసిన పుస్తకానికి అమెరికాలోని కమ్యూనిస్టు సంఘాలు అన్న అర్థం వచ్చే పేరే పెట్టాడు. అందులోని మనుషులు పొదుపరులు, శుభ్రత గలవారు, అప్పు చెయ్యనివారు.

2. ఒకే ఊరు, రెండు ప్రయోగాలు

శాస్త్రజ్ఞుడు కోరుకునే పరీక్ష ఏమిటి? అన్నీ సమానంగా ఉంచి ఒక్కటి మాత్రం మార్చి చూడడం. చరిత్రలో అటువంటిది దొరకడం అరుదు. ఇండియానా రాష్ట్రంలో వాబాష్ నది ఒడ్డున ఉన్న న్యూ హార్మొనీ ఊళ్ళో అది దొరికింది.

ఆ ఊరు కట్టింది జార్జి రాప్ అనుచరులు. జర్మనీలోని వుర్టెంబర్గ్ ప్రాంతం నుంచి వచ్చిన రైతులు, చేతిపనివారు. 1805లో ఆస్తులన్నీ ఒకటిగా కలిపేసి సంఘంగా ఏర్పడ్డారు. 1814లో ఇండియానా అడవిలో దిగి పదేళ్ళలో పొలాలు, తోటలు, మిల్లులు, ఇటుక ఇళ్ళు నిలబెట్టారు. వాళ్ళ బట్టకూ, సారాయికీ దూర పట్టణాల్లో గిరాకీ ఉండేది. 1818లో వాళ్ళొక పని చేశారు. సంఘంలో చేరేటప్పుడు ఏ కుటుంబం ఎంత తెచ్చిందో రాసి ఉంచిన పుస్తకాన్ని తగలబెట్టారు. ఇక నీది ఇంత, నాది ఇంత అన్న లెక్క తిరిగి రాకూడదని.

1825 ఆరంభంలో రాప్ మనుషులు పెన్సిల్వేనియాకు తరలిపోతూ ఊరు ఊరంతా అమ్మేశారు. సుమారు 20,000 ఎకరాలు, కట్టి ఉన్న ఇళ్ళు, నడుస్తున్న మిల్లులతో సహా సుమారు 1,35,000 డాలర్లకు కొన్నది రాబర్ట్ ఓవెన్. స్కాట్లండులోని న్యూ లానార్క్‌లో నూలు మిల్లు నడిపి, పనివాళ్ళ పిల్లలకు బడి పెట్టి, పని గంటలు తగ్గించి కూడా లాభం తీసిన ఘనుడు. మనిషి స్వభావం పుట్టుకతో రాదు, పరిసరాలే మనిషిని తయారుచేస్తాయి అన్నది ఆయన నమ్మకం. అదే ఏడు ఫిబ్రవరి, మార్చి నెలల్లో వాషింగ్టనులో ప్రతినిధుల సభా మందిరంలో రెండుసార్లు ఉపన్యసించాడు. పదవి దిగుతున్న అధ్యక్షుడు మన్రో, ఎక్కుతున్న ఆడమ్స్ కూడా వచ్చి విన్నారు. ఏ సంస్కర్తకైనా ఇంతకంటె మంచి ఆరంభం ఉంటుందా?

శ్రద్ధగల మంచివాళ్ళెవరైనా రావచ్చునని ఓవెన్ పిలుపునిచ్చాడు. ఆ ఏడాదిలోనే ఎనిమిది తొమ్మిది వందలమంది వచ్చిపడ్డారు. ఆదర్శవాదులు, పండితులు, ఊరికే చూసిపోదామని వచ్చినవాళ్ళు, తిండి దొరుకుతుందని వచ్చినవాళ్ళు అందరూ అందులో ఉన్నారు. ఇళ్ళు చాలలేదు. పనితనం తెలిసినవాళ్ళు లేక, రాప్ మనుషులు నడిపిన మిల్లుల్లో, కార్ఖానాల్లో కొన్ని పడకేశాయి. ఉపన్యాసాలకు, నాట్యసభలకు మాత్రం లోటు లేదు. 1826 జనవరిలో విలియం మెక్లూర్, టామస్ సే వంటి శాస్త్రజ్ఞులు ఒక పడవనిండా వచ్చారు. ఆ ఊరికి అవసరమయింది తోలుపనివాళ్ళు, దున్నేవాళ్ళు. వచ్చింది నత్తగుల్లల మీద గ్రంథం రాయగలవాళ్ళు.

ఇక్కడ ఒక విషయం చెప్పకుండా దాటలేము. మొదటి నియమావళిలో అన్ని రకాలవారూ సభ్యులు కావచ్చునంటూనే, నల్లవాళ్ళను, అంటే తెల్లరంగు కానివారిని, సభ్యత్వం నుంచి మినహాయించారు. మానవజాతినంతటినీ మార్చే సమాజం తన గుమ్మం దగ్గరే రంగు చూసింది. ఆనాడు మన రంగువాడు ఎవడైనా ఆ గుమ్మం తొక్కి ఉంటే సమానత్వం అతనికి అంది ఉండేది కాదు. మనం అనేదాంట్లో ఎవరున్నారు అన్న ప్రశ్నకు సిద్ధాంతం ముందుగా జవాబు చెప్పుకోలేదు.

రెండోది పని లెక్క. ప్రతివాడి పనీ రాసి, దుకాణంలో అతని పేర జమ వేసి, తీసుకున్న సరుకు ఖర్చు వెయ్యాలి. దీనికి గుమాస్తాలు కావాలి. గుమాస్తా పనిని ఎవరు లెక్క వేస్తారు? మడకపట్టినవాడి గంట, వయొలిన్ నేర్పినవాడి గంట ఒకటేనా? 1826 ఫిబ్రవరిలో సమానత్వ సమాజం అనే పేరుతో కొత్త రాజ్యాంగం రాసుకుని, అందరికీ సమానంగా తిండి, బట్ట, ఇల్లు అన్నారు. దాంతో లెక్క తేలలేదు సరికదా, కష్టపడేవాడు పక్కవాడి వంక చూడడం మొదలుపెట్టాడు. పదిమందిలో పాము చావదన్న సామెత ఇండియానాలోనూ నిజమే అయింది.

ఆడవాళ్ళ సంగతి మరీ విచిత్రం. కాగితం మీద వాళ్ళు సమానులు. ఆచరణలో పగలు సంఘానికి వంట, కుట్టు, ఉతుకు. ఇంటికి వచ్చాక మళ్ళీ అదే. సమానత్వం వాళ్ళ పనిని రెట్టింపు చేసింది. ఆ సణుగుడు ఆనాటి ఉత్తరాల్లో వినిపిస్తుంది.

మూడోది తాళాల సంగతి. ఊరు ఎవరిది? సంఘానిది అన్నారు. పత్రం ఎవరి పేర ఉంది? ఓవెన్ పేర. ఆయన డబ్బు పెట్టాడు, ఆయన వెళ్ళినప్పుడు పరిపాలన తడబడింది, వచ్చినప్పుడు ఆయనవైపే చూశారు. రాజ్యాంగం రెండేళ్ళలో ఏడు సార్లు మార్చారని లెక్క చెబుతారు. ఊరు ముక్కలై చిన్న సంఘాలు పుట్టాయి. వాటిలో ఒకదానికి అక్షాంశ రేఖాంశాల అంకెలను అక్షరాలుగా మార్చి ఫైబా-పెవెలి అని పేరు పెట్టారు. పేరు పెట్టడానికి అంత తెలివి ఖర్చుపెట్టినవారు సరిహద్దు తగాదా తీర్చుకోలేకపోయారు. 1827లో ఓవెన్, మెక్లూర్ డబ్బు విషయమై కోర్టుకెక్కారు. ఆ ఏడే ఓవెన్ వెళ్ళిపోయాడు. ఆస్తిలో పెద్ద భాగం పోయింది.

రాప్ మనుషుల సంఘం 1905 దాకా బతికింది. అదే భూమి, అవే మిల్లులు. ఒకరికి నూరేళ్ళ బతుకు, మరొకరికి రెండేళ్ళ బతుకు. రాప్ సంఘంలో అందరిదీ ఒకే భాష, ఒకే విశ్వాసం, దేవుడి పేర శాసించే ఒకే ముసలాయన. లెక్కల పుస్తకం తగలబెట్టగలిగారంటే దేవుడు పైన లెక్క రాస్తున్నాడన్న నమ్మకం ఉంది గనక. ఎంగెల్సు పనికిరాదని తోసిపుచ్చిన విశ్వాసం ఆ ఇంటి దూలం. పైగా వాళ్ళు 1807 నుంచి బ్రహ్మచర్యం పాటించారు. పిల్లల మూలంగా వచ్చే చిక్కులు తప్పాయి. సంఘం మాత్రం క్రమంగా ముసలిదై అంతరించింది.

న్యూ హార్మొనీ మొత్తంగా వృథా కాలేదన్నది కూడా చెప్పాలి. మెక్లూర్ 1838లో శ్రామికుల కోసం స్థాపించిన గ్రంథాలయం ఈనాటికీ అక్కడ ఉంది. ఓవెన్ కొడుకు రాబర్ట్ డేల్ ఓవెన్ కాంగ్రెసు సభ్యుడై స్మిత్సోనియన్ సంస్థ ఏర్పాటుకు బిల్లు తెచ్చాడు. తండ్రి ప్రయోగాన్ని గురించి ఆయన ముసలితనంలో రాస్తూ, అందరికీ ఒకే ప్రతిఫలమంటే నేర్పరులు ఒకరొకరే జారుకుంటారని తేల్చాడు. అక్కడే ఉండి చూసిన జొసయ్యా వారెన్ వేరే పాఠం నేర్చుకున్నాడు. మనిషి తన నిర్ణయం తాను చేసుకునే వీలు లేకపోవడమే లోపమని, 1827లో సిన్సినాటిలో పని గంటలతో సరుకు కొనే దుకాణం తెరిచాడు.

3. స్థాపకుడినే వెళ్ళగొట్టిన సంఘం

మతం లేని ప్రయోగం ఓవెన్‌తో ఆగలేదు. ఫ్రాన్సులో ఎటియెన్ కాబే అనే రాజకీయవాది 1840లో ఇకేరియా అనే ఊహాదేశాన్ని వర్ణిస్తూ నవల రాశాడు. శ్రామికులు విరగబడి చదివారు. 1848లో మొదటి జట్టు టెక్సాస్‌కు వచ్చి జ్వరాలతో, ఆకలితో దెబ్బతిన్నది. 1849లో మిగిలినవారు ఇల్లినాయిలోని నావూ పట్టణం చేరారు. మార్మన్లు వదిలివెళ్ళిన ఇళ్ళు అక్కడ సిద్ధంగా ఉన్నాయి.

ఎవరి శక్తికొద్దీ పని, ఎవరి అవసరంకొద్దీ భోగం అన్న సూత్రాన్ని మార్క్సు 1875లో రాసినందువల్ల మనకు ఆయన పేర తెలుసు. ఫ్రెంచి సోషలిస్టులలో అది అంతకుముందే వాడుకలో ఉంది. ఇకేరియా వాళ్ళు దాన్ని భోజనశాలలో ఆచరించారు. వాళ్ళ పాఠశాల, గ్రంథాలయం చూసి చుట్టుపక్కలవారు మెచ్చుకున్నారు.

1855 చివర కాబే తన అధికారం పెంచుకుంటూ, అధ్యక్ష పదవిని నాలుగేళ్ళకు పొడిగిస్తూ నియమావళి మార్చాలన్నాడు. సంఘం రెండుగా చీలింది. కాబే పక్షం పని మానేసింది. రెండో పక్షం పని చెయ్యనివారికి తిండి లేదంది. 1856లో స్థాపకుడిని ఆయన సంఘమే బహిష్కరించింది. ఆయన కొద్దిమంది అనుచరులతో సెయింట్ లూయిస్ చేరి, ఆ నవంబరులోనే చనిపోయాడు. మిగిలినవారు అయోవాలోని కార్నింగ్ దగ్గర స్థిరపడితే, 1878లో అక్కడా యువ పక్షం, వృద్ధ పక్షం అని చీలిక. చివరి సంఘం 1898లో రద్దయింది.

ఇక్కడ ఏ పెట్టుబడిదారుడూ తలుపు పగలగొట్టలేదు. తగాదా ఆస్తి గురించి కూడా కాదు. ఆస్తి అప్పటికే ఉమ్మడి. తగాదా పెద్దరికం గురించి. సొంత ఆస్తి పోతే పెత్తనం కోసం పోటీ దానంతటదే పోతుందన్న ఆశ ఇక్కడ వమ్మయింది. ఆస్తి లేని చోట పెత్తనం ఒక్కటే మిగిలిన ఆస్తి అయింది. తిండి గింజల కొట్టు తాళం ఎవరి దగ్గర ఉంటే వాళ్ళదే రాజ్యం.

4. అమానా: గెలిచి ఆగిన ప్రయోగం

మనలో చాలామందికి అమానా అంటే ఫ్రిజ్, మైక్రోవేవ్ అవెన్. ఆ పేరు అయోవాలోని ఏడు కమ్యూనిస్టు గ్రామాలది. జర్మనీనుంచి వచ్చిన ఒక భక్తసంఘం 1855లో అక్కడ స్థిరపడడం మొదలుపెట్టి, సుమారు 26,000 ఎకరాలు సంపాదించి, 1932 దాకా ఉమ్మడిగా బతికింది. జనసంఖ్య 1,800 దాకా వెళ్ళింది. కుటుంబానికి ఇంట్లో వంటగది లేదు. ఊళ్ళన్నిటిలో కలిపి యాభైకి పైగా ఉమ్మడి వంటశాలలు. ఒక్కొక్కదానికి ఒక పెద్దావిడ యజమానురాలు. వైద్యుడు, బడి, ఇల్లు అన్నీ సంఘం చూసేది. దుకాణంలో ఏటేటా ఇంత అని ప్రతివారి పేర జమ ఉండేది.

సొంతం లేకపోతే మనిషి పని చెయ్యడన్న మొదటి జవాబు ఇక్కడ ఓడిపోతుంది. డెబ్భై ఏడేళ్ళపాటు మూడు తరాల మనుషులు జీతం లేకుండా పొలాలు పండించారు, ఉన్ని నేశారు. వాళ్ళూ మనలాంటి మనుషులే. స్వభావం అడ్డువస్తే అన్నేళ్ళు జరిగేది కాదు.

మరి ఎందుకు ఆగింది? దైవావేశంతో పలికిన పెద్దల్లో చివరి ఆమె, బార్బరా హైన్‌మన్ లాండ్‌మన్, 1883లో పోయింది. తరవాత పెద్దల మండలి ఉంది కాని ఆ పలుకుబడి లేదు. తాతలు నమ్మి చేరారు. మనవలు పుట్టి చేరారు. రెండింటికీ తేడా ఉంది. పక్క ఊళ్ళో కుర్రవాడు జీతం పెట్టి కారు కొనుక్కుంటుంటే, ఇక్కడివాడు చిల్లరకు పెద్దలను అడగాలి. వంటశాలలో కలిసి తినడం తగ్గి, అన్నం బుట్టల్లో పెట్టుకుని ఇళ్ళకు తెచ్చుకుని తినడం మొదలయింది. 1923లో మిల్లులు తగలబడ్డాయి. ఆ తరవాత ఆర్థిక మాంద్యం. 1932లో సభ్యులు అత్యధిక సంఖ్యలో ఓటు వేసి, మతాన్ని ఒకవైపు, వ్యాపారాన్ని ఒకవైపు విడదీశారు. వ్యాపారం వాటాల కంపెనీ అయింది. పెద్దవారికి ఓటున్న వాటా ఒక్కొక్కటి. పనిచేసిన ఏళ్ళను బట్టి అదనపు వాటాలు. అంటే డెబ్భై ఏడేళ్ళు రాయని లెక్కను చివరికి ఒక్కరోజు రాసుకున్నారు.

గుర్తించవలసిన సంగతి, ఆ మార్పులో ఒక్క ప్రాణం పోలేదు. ఓటు వేశారు, పంచుకున్నారు, అదే ఊళ్ళో బతికారు. న్యూయార్కు రాష్ట్రంలోని ఒనైడా సంఘం కూడా 1881లో ఇలాగే కంపెనీ అయింది. దాని పేరు తరవాత చెంచాల మీదికి ఎక్కింది. బయటికి పోయే దారి ఉన్న చోట ప్రయోగం విఫలమైనా మనుషులు మిగిలారు.

బయటికి పోయేవాడికి వాటా దొరికేది కాదన్నదీ నిజమే. జోఆర్ సంఘం విషయంలో ఒక సభ్యుడి వారసులు భాగం అడిగితే, 1852లో అమెరికా సుప్రీం కోర్టు భాగం లేదంది. మన ఉమ్మడి కుటుంబంలో భాగం పంచమని అడిగే హక్కు ఉంది. ఇక్కడ అదీ లేదు. కాని కాళ్ళు ఉన్నాయి, తలుపు తెరిచి ఉంది.

5. ఇవి అసలైన కమ్యూనిజమేనా?

మార్క్సు చదివినవారు ఈపాటికి అభ్యంతరం చెబుతారు. ఇవి ఊహావాదుల దీవులు. మార్క్సు, ఎంగెల్సు "ప్రణాళిక"లోనే వీటిని ఎద్దేవా చేశారు. శాస్త్రీయ సోషలిజం అంటే పెట్టుబడి విధానం పూర్తిగా పెరిగాక శ్రామికవర్గం రాజ్యాధికారం తీసుకుని చేసేది అని. ఈ అభ్యంతరం న్యాయమైనదే. బజారు మధ్య ఒక ఊరు వేరు, దేశం వేరు.

కాని ఒక దేశం ఇంకా పెద్ద ఉమ్మడి ఇల్లే గదా. ఊరిలో తేలని మూడు ప్రశ్నలు - మనమంటే ఎవరు, పనిని ఎవరు లెక్కవేస్తారు, తాళాలు ఎవరి దగ్గర - దేశంలో తేలిక అవుతాయా? మార్క్సు రేపటి సమాజానికి నమూనాలు గీసి ఇవ్వడానికి ఇష్టపడలేదు. 1871 పారిస్ కమ్యూన్‌లో ఒక జవాబు కనిపించి మెచ్చుకున్నాడు: ప్రతినిధిని ఎప్పుడైనా వెనక్కి పిలవవచ్చు, అతని జీతం కూలివాడి జీతమే. ఆ కమ్యూన్ రెండు నెలలకు కాస్త పైన బతికింది. లెనిన్ 1917లో లెక్కలు రాయడం, అదుపు చూడడం చదవడం వచ్చిన ప్రతివాడూ చెయ్యగల పనే అని రాశాడు. నాలుగేళ్ళు తిరక్కుండా, 1921లో, పార్టీ లోపల వేరు వర్గం కట్టడమే నిషేధమయింది. అంతర్యుద్ధం, చుట్టుముట్టిన శత్రువులు నిజమే. అయినా యుద్ధం ముగిశాక తాళాలు తిరిగి జనం చేతికి రాలేదు. 1930 తరవాత రష్యా పల్లెల్లో, 1958 తరవాత చైనా కమ్యూన్లలో పంట లెక్కలు పైవాళ్ళకు నచ్చేట్టు రాశారు. కాదనగలిగినవాడు లేడు, వెళ్ళిపోవడానికి దారి లేదు. అమానా వంటశాలలో అన్నం రుచించకపోతే బుట్టలో ఇంటికి తెచ్చుకున్నారు. చైనా ఉమ్మడి వంటశాలల్లో అన్నం అయిపోతే ఇంట్లో పొయ్యి కూడా మిగలలేదు. కోట్లమంది పోయిన కరువు అది. ఇండియానాలో రెండేళ్ళలో ఉత్తరాల్లో బయటపడ్డ తప్పు, అక్కడ బయటపడేసరికి ఒక తరం పోయింది.

6. మన ఊళ్ళలో

మన తెలంగాణ సంగతి ఈ వెలుగులో చూడాలి. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య పడిపోయిన తరవాత రగిలిన పోరాటం 1951 అక్టోబరు దాకా సాగింది. మూడు వేల గ్రామాలలో గ్రామరాజ్యాలు ఏర్పడ్డాయని, పది లక్షల ఎకరాలు పంచామని ఉద్యమ నాయకులు లెక్క చెప్పారు. వెట్టి పోయింది. ఆ ఒక్కటి చాలు ఆ పోరాటాన్ని గౌరవించడానికి.

కాని పంచిన భూమి ఉమ్మడి కాలేదు. ఎవరి చెక్క వారిది అయింది. రైతు అడిగింది అదే. ఎంత భూమి దాటితే దొర అన్న హద్దు మొదట 500 ఎకరాలు పెట్టి, తరవాత 200కు, ఆపైన మెట్ట 100, తరి 10 ఎకరాలకు దించారు. మనమంటే ఎవరు అన్న ప్రశ్నే అది; ఉద్యమం నడుస్తూ నడుస్తూ జవాబు మార్చుకోవలసి వచ్చింది. 1948 సెప్టెంబరులో నిజాం పడిపోయాక పోరాటం ఆపాలా, సాగించాలా అన్నదానిమీద రావి నారాయణరెడ్డి వంటి నాయకులే వేరుపడ్డారు. 1951లో రాజేశ్వరరావు, బసవపున్నయ్య, డాంగే, అజయ్ ఘోష్ మాస్కో వెళ్ళి స్టాలిన్‌తో మాట్లాడి వచ్చారు. ఆ ఏడే విరమణ. విరమించడం సరైనదే కావచ్చు. అడవిలో తుపాకి పట్టినవాడిని, అతనికి అన్నం పెట్టిన ఊరిని అడిగి తీసుకున్న నిర్ణయం మాత్రం అది కాదు. పోరాటంలో తిరిగిన ఆడవాళ్ళకు, ఇక ఇళ్ళకు వెళ్ళండి అన్న మాట మిగిలింది. వాళ్ళ నోటి మాటలుగా 1986లో వచ్చిన "మనకు తెలియని మన చరిత్ర" చదివినవారికి న్యూ హార్మొనీ ఇల్లాళ్ళ సణుగుడు కొత్తగా ఉండదు.

7. తేలినది

మేము చూసినంతలో, మొదటి జవాబు తప్పు. మనిషి సొంతం లేకుండా బతకగలడు, పని చెయ్యగలడు; అమానా సాక్షి. రెండో జవాబు సగమే నిజం. శత్రువు లేని చోట కూడా ప్రయోగం కూలింది. ఓవెన్, కాబే సాక్షులు. సిద్ధాంతం ఆస్తి ఎవరిది అన్నదానికి వివరంగా జవాబు చెప్పింది. పెత్తనం ఎవరిది, ఎంతకాలం, తిరిగి తీసుకోవడం ఎలా అన్నదానిని ఆస్తితోపాటే తేలిపోయే చిన్న విషయంగా వదిలేసింది. ఆ ఖాళీని ఒకచోట దేవుడు నింపాడు, ఒకచోట స్థాపకుడు, ఒకచోట పార్టీ కార్యదర్శి. దేవుడు నింపిన చోట నూరేళ్ళు నిలిచింది.

వర్జీనియాలో 1967లో మొదలైన ట్విన్ ఓక్స్ అనే సంఘం ఈనాటికీ ఉంది. సుమారు వందమంది, ఉమ్మడి రాబడి. అక్కడ వంటా, పిల్లల పెంపకమూ, పొలం పనీ గంటకు గంటే లెక్క. ప్రణాళిక చూసేవాళ్ళు పద్దెనిమిది నెలలకు దిగిపోతారు. ఓవెన్ తేల్చలేనివాటిలో రెండింటికి వాళ్ళు ఒక జవాబు వెతుక్కున్నారు. వందమందికి సరిపోయిన జవాబు కోట్లమందికి సరిపోతుందా అన్నది వేరే ప్రశ్న. కాని సరిపోవాలంటే ఏది ముందు తేలాలో అది చూపిస్తోంది.

ఉమ్మడి కుటుంబాల్లో పుట్టిన మనకు ఇది ఎవరూ నేర్పనక్కర్లేదు. పొలం ఉమ్మడిగా ఉన్నంతకాలం అన్నదమ్ములు విడిపోలేదు; ఇనప్పెట్టె తాళం ఒకరి మొలలోనే ఉండిపోయినప్పుడు విడిపోయారు. మన తాతలు, మేనమామలు ఆస్తిని పంచాలని ప్రాణాలిచ్చారు. తాళాలు పంచడం ఎట్లా అన్నది వాళ్ళు మనకు వదిలివెళ్ళిన బాకీ. దీనితో ఏకీభవించనివారు, ముఖ్యంగా ఆ ఉద్యమాన్ని ఇంట్లోంచి చూసినవారు, తమ మాట రాసి పంపితే తరవాతి సంచికల్లో ఈ చర్చ ముందుకు సాగుతుంది.